తొమ్మిది వందల చుక్కలు

నాకు డెబ్భై నాలుగేళ్ళు. ఈ డెబ్భై నాలుగేళ్ళలో ఒక్క డాక్టరు కూడా నా నాడి చూడలేదు, నాలుక బయటపెట్టమని అడగలేదు, ఒంట్లోకి సూది దించలేదు. జలుబు నా గుమ్మం దాకా వచ్చి, లోపల ఉన్నది నేనని తెలుసుకుని, పక్కింటికి పోయేది. ఇది గొప్పకి చెబుతున్న మాట కాదు. ప్రభుత్వం వారే ఈ సంగతి ఒప్పుకుని, నాకు "సంపూర్ణ ఆరోగ్యవంతుడు" అని కాగితం రాసి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర గుద్ది ఇచ్చారు. ఆ కాగితం ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆరోగ్య మంత్రిగారి ప్రకటనతో మొదలుపెట్టాలి.

మంత్రిగారు మహా ముందుచూపున్న మనిషి. మామూలు మంత్రులు ముందు సర్వే చేయించి, తరవాత ఫలితం ప్రకటిస్తారు. ఈయన ముందు ఫలితం ప్రకటించి, తరవాత సర్వే చేయిస్తారు. అందులో కాలం కలిసొస్తుంది. ఒక సోమవారం పొద్దున ఆయన విలేకరుల్ని పిలిచి ఇలా సెలవిచ్చారు: "మన రాష్ట్రంలో వీధి డాక్టర్ల దగ్గరికి దగ్గనీ, నడుం నొప్పనీ వచ్చే మామూలు పేషెంట్లలో హెపటైటిస్ వైరస్ ఉన్నవాళ్ళు ఒక శాతం లోపే."

"ఎలా తెలిసిందండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"సర్వేలో తేలుతుంది."

"సర్వే ఎప్పుడు చేశారండీ?"

"వచ్చే నెలలో."

అప్పటికే ముప్పై అడుగుల బ్యానరు అచ్చయి వచ్చేసింది. దాని మీద ఎర్రటి అక్షరాలతో "ఒక శాతం లోపే!" అని ఉంది. గుడ్డ మీద అచ్చయిన మాట వెనక్కి తీసుకోవడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

సర్వేకి మా వీధి డాక్టరమ్మ క్లినిక్‌ని ఎంపిక చేశారు. అది చాలా శాస్త్రీయంగా జరిగింది. పట్నంలో ఉన్న క్లినిక్కులన్నీ చూసి, ఏ క్లినిక్ ముందు సర్కారు కారు నిలపడానికి జాగా ఉందో దాన్ని తీసుకున్నారు.

ఆ క్లినిక్‌లో ఆరు కుర్చీలు, ఒక బెంచీ, ఎవరెక్కినా మూడు కిలోలు తక్కువ చూపించే తూకం మిషను, గోడకి ఒక లివరు బొమ్మ ఉంటాయి. బెంచీ మీద ఫ్యాను కింద జాగా నాది. నేను రోజూ వెళ్ళేది వైద్యానికి కాదు, పేపరుకి. డాక్టరమ్మ తెప్పించే పేపరు పేషెంట్లు నలపక ముందే నేను చదివి పెడతాను. ప్రతిఫలంగా పేషెంట్లకి నాలుగు కబుర్లు చెప్పి కాలక్షేపం చేయిస్తాను. అక్కడి నర్సమ్మ నన్ను కోతల తాత అంటుంది. పిల్ల మంచిదే, కాస్త చూపు తక్కువ.

సర్వే చెయ్యడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. సన్నగా, చొక్కా జేబులో కాలిక్యులేటరుతో, అబద్ధం ఆడని మనిషి. ఆ మాట ఆయనే చెప్పాడు. "నేను ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క దొంగ లెక్క రాయలేదండీ. చుక్క అంటే చుక్కే ఉండాలి. గీత అంటే గీతే ఉండాలి. స్లిప్పు అంటే స్లిప్పే ఉండాలి."

పద్ధతి ఏమిటంటే, పేషెంటు వేలు గుచ్చి ఒక చుక్క నెత్తురు కిట్టులో వేస్తారు. కిట్టంటే అరచెయ్యి పొడుగు ప్లాస్టిక్ బిళ్ళ. పావుగంట తరవాత దానిలో ఒక గీత కనిపిస్తే జబ్బు లేదు. రెండు గీతలు కనిపిస్తే ఉంది. ప్రతి కిట్టుకీ ఒక స్లిప్పు. స్లిప్పు మీద వయసు, పని, బాధ, ఈ మూడే రాయాలి. పేరు రాయకూడదు. కిట్టుల్ని ఆఫీసరు గదిలో పెట్టుకుని, తలుపేసుకుని, తానొక్కడే చూస్తాడు.

డాక్టరమ్మకి ఇది నచ్చలేదు. "పేరు లేకపోతే ఎవరికుందో నాకెలా తెలుస్తుందండీ?"

"తెలియకూడదనే కదండీ. గోప్యత."

"పోనీ, పేషెంటుకైనా చెప్తారా?"

"అమ్మో! పేషెంటుకి చెప్తే భయపడడూ?"

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి, గోడ మీది లివరు బొమ్మ దగ్గరికి ఆయన్ని లాక్కెళ్ళింది. "ఇది చూడండి. కళ్ళు పచ్చబడటం చిట్టచివరి సంగతి. ఈ వైరస్ ఇక్కడ చేరి ఇరవయ్యేళ్ళు, ముప్పయ్యేళ్ళు చప్పుడు చెయ్యకుండా కూర్చుంటుంది. మనిషి తింటాడు, తిరుగుతాడు, నవ్వుతాడు. ఇప్పుడు తెలిస్తే మూడు నెలల మాత్రలతో పోతుంది. తెలియకపోతే లివరు రాయవుతుంది. అప్పుడు నా దగ్గరికొచ్చినా నేను చేసేదేం లేదు. నాకు వాళ్ళెవరో కావాలి."

ఆఫీసరు కరిగాడు. "సరే మేడమ్. మంత్రిగారు ఫలితం ప్రకటించగానే స్లిప్పులు మీకిస్తాను. వయసూ, పనీ చూసి మీ పేషెంట్లెవరో మీరే పోల్చుకోండి."

డాక్టరమ్మ ఆ మాట నమ్మి, తన నోటుపుస్తకంలో వంద మంది పేషెంట్ల పేర్లూ వరసగా రాసుకుంది. ఆ వందలో మా అన్న కూతురు కూడా ఉంది. క్లినిక్ ఎదురుగానే దాని కుట్టుమిషను కొట్టు. నలభై రెండేళ్ళది. మెడ నొప్పని వచ్చింది. వేలు చాచి, "గుచ్చండమ్మా, రోజూ సూది గుచ్చుకునే వేలే" అంది. నన్ను చూసి, "ఏం బాబాయ్, నువ్వు గుచ్చుకోవా?" అని అడిగింది.

"నేను పేషెంటుని కానే. నేను పేపరు చదివేవాణ్ణి" అన్నాను.

అయిదు రోజుల్లో వంద చుక్కలూ అయ్యాయి. అయిదో రోజు మధ్యాహ్నం ఆఫీసరు గది తలుపు తీసుకుని బయటికొచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"తాతగారూ, వంద మందిలో తొమ్మిది మందంటే ఎంత శాతం?"

"తొమ్మిది. మా పంతులు బెత్తంతో చెప్పాడు నాయనా, మర్చిపోలేను."

"వెయ్యి మందిలో తొమ్మిది మందైతే?"

"ఒక శాతానికి కాస్త తక్కువ."

"అదీ!" అని ఆయన నా తొడ మీద చరిచాడు. "బ్యానరు కరెక్టే. మనుషులే తక్కువయ్యారు. ఇంకో తొమ్మిది వందల మంది కావాలి."

"దానికేముంది? జనానికి కరువా? వీధిలో పోయేవాళ్ళని పిలిచి గుచ్చు."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అదే వద్దు. కొత్తవాళ్ళని గుచ్చితే కొత్తగా బయటపడతారు. వందకి తొమ్మిది చొప్పున మళ్ళీ ఎనభై ఒక్కమంది తేలితే నా ఉద్యోగం ఏం కావాలి? పబ్లిక్‌ని నమ్మడానికి లేదండీ. ఖచ్చితంగా జబ్బు లేని మనిషి కావాలి. ఒక్కడు చాలు. తొమ్మిది వందల చుక్కలు, తొమ్మిది వందల కిట్లు, తొమ్మిది వందల స్లిప్పులు."

"అది దొంగ లెక్క కాదూ?"

"ఎలా అవుతుందండీ? చుక్క నిజం చుక్కే. గీత నిజం గీతే."

ఇంత నిజాయితీ ఉన్న ఆఫీసర్ని నేను చూడలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన సిగ్గుపడి, నన్ను కింద నుంచి పైకి చూశాడు.

"మీకెప్పుడైనా జ్వరం వచ్చిందా?"

"నా మీదికి రావడానికి దానికి ధైర్యం చాలలేదు."

"కామెర్లు?"

"చుట్టాల ఇళ్ళలో చూడటమే."

"ఆకలి?"

"ఆ ఒక్క జబ్బూ ఉంది. రోజుకి మూడుసార్లు వస్తుంది."

అక్కడికక్కడే నాకు ఆ కాగితం రాసి ముద్ర వేశాడు. నర్సమ్మ పక్కన దూది చుట్టుకుంటూ, "ముందు ఒక్క చుక్క వేసి చూద్దామా సార్?" అంది. ఆఫీసరు కాగితం ఎత్తి చూపించాడు. "ముద్ర వేశాక అనుమానం ఏంటమ్మా? పైగా ఒక కిట్టు దండగ. లెక్కకి సరిగ్గా తొమ్మిది వందలే ఉన్నాయి."

స్లిప్పులు రాసే పని నాకే అప్పగించాడు. తొమ్మిది వందల మందికి వయసు, పని, బాధ. నేను అయిదో తరగతి దాకా చదివిన మనిషిని, బడిలో నాకు రాని లెక్కలకి కథలు చెప్పి తప్పించుకున్నవాణ్ణి. ఇలాంటి ప్రభుత్వోద్యోగం ఒకటుందని తెలిస్తే అప్పుడే చేరేవాణ్ణి. మూడు రోజులు కలం కింద పెట్టలేదు.

"గొడుగులు బాగుచేసేవాడు, యాభై ఒకటి, ఎక్కిళ్ళు." "ఈత నేర్పే మాస్టారు, ఇరవై తొమ్మిది, నీళ్ళంటే భయం." "రిటైరైన జడ్జి, డెబ్భై, ఏ పక్కకి తిరిగి పడుకోవాలో తేల్చుకోలేకపోవడం." ఆఫీసరు ఒకటి తీసి చదివి, "ఇదేంటండీ, తాళాలు చేసేవాడు, నలభై, నోరు తెరుచుకోవడం లేదు... మరీ కోతలు కొయ్యకండి. ఇది సైన్సు" అని మందలించాడు.

నాలుగు వందల మంది పుట్టేసరికి నా కల్పన ఎండిపోయింది. అబద్ధం చెప్పడానికి కూడా సరుకు కావాలి. అప్పుడు కిటికీలోంచి బయటికి చూసి, కనిపించిన వాళ్ళని కనిపించినట్టు రాయడం మొదలుపెట్టాను. బస్సు డ్రైవరు, నలభై ఎనిమిది, నడుం నొప్పి. సైకిళ్ళు బాగుచేసేవాడు, ముప్పై అయిదు, దగ్గు. ఎదురుగా మా అమ్మాయి మెడ వంచి మిషను తొక్కుతూ కనిపించింది. టైలరు, నలభై రెండు, మెడ నొప్పి. పనిలోంచి అది తల ఎత్తేది ఎప్పుడో ఒకసారి. ఎత్తినప్పుడల్లా మళ్ళీ రాశాను.

పరీక్ష మునిసిపల్ మీటింగ్ హాల్లో పెట్టారు. అది కూడా ఆఫీసరు ఆలోచనే. తొమ్మిది వందల కిట్లూ ఒకేసారి పరిచి, ఒకేసారి చుక్కలు వేసి, మంత్రిగారు చూస్తుండగా ఒకేసారి ఫలితం తేలాలి. ఫోటోకి బాగుంటుంది. నర్సమ్మ నా చేతి నుంచి పెద్ద సిరంజి నిండా నెత్తురు లాగింది. అందులోంచి ఆరోగ్య శాఖ గుమాస్తాలు ఇరవై మంది సన్నని గొట్టాలతో చుక్కలు తీసుకుని, బల్లల మీద, కుర్చీల మీద, కిటికీ గట్ల మీద, వేదిక మెట్ల మీద పరిచిన కిట్లలో వేసుకుంటూ పోయారు. వేదిక మీద ముప్పై అడుగుల బ్యానరు. దాని కింద ముక్కాలి పీట మీద నేను, చేతికి దూది నొక్కుకుని, జాతి ఆరోగ్యం లాగా కూర్చున్నాను.

మంత్రిగారు వచ్చారు. కెమెరాలు వచ్చాయి. డాక్టరమ్మ కూడా వచ్చి వెనక వరసలో నిలబడింది. ఆవిడకి కావలసింది బ్యానరు కాదు, ప్రకటన అయిపోతే చేతికొచ్చే స్లిప్పులు.

మొదటి గీత అన్ని కిట్లలోనూ చకచకా కనిపించింది. ఆఫీసరు కళ్ళు తుడుచుకున్నాడు. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. చప్పట్లు ఆగే వేళకి బల్ల చివర ఒక కిట్టులో, మొదటి గీత పక్కన, లేతగా రెండోది లేచింది. తరవాత దాని పక్క కిట్టులో. తరవాత వరసంతా. వాన పడ్డ మర్నాడు మడిలో మొలకలు లేచినట్టు బల్లల మీద, కుర్చీల మీద, కిటికీ గట్ల మీద, వేదిక మెట్ల మీద, తొమ్మిది వందల గీతలు లేచి నిలబడ్డాయి.



మంత్రిగారు ఒక కిట్టు చేతిలోకి తీసుకున్నారు. "ఒక్క గీత ఉంటే మంచిదన్నావు కదయ్యా?"

"అవును సార్."

"రెండున్నాయంటే ఇంకా మంచిదేగా?"

ఆఫీసరు అబద్ధం ఆడని మనిషి కాబట్టి ఏమీ మాట్లాడలేదు. కెమెరాల ముందు మంత్రిగారు ఆ కిట్టు ఎత్తి పట్టుకుని నవ్వారు. ఆ ఫోటో మర్నాడు అన్ని పేపర్లలోనూ పడింది. మా క్లినిక్ పేపర్లో కూడా పడింది. నేనే మొదట చదివాను.

కెమెరాల్ని కాఫీలకి పంపించాక లోపల లెక్క మొదలైంది. ఆఫీసరు కాలిక్యులేటరు నొక్కాడు. "వెయ్యికి తొమ్మిది వందల తొమ్మిది సార్. తొంభై పాయింటు తొమ్మిది శాతం."

డాక్టరమ్మ ముందుకొచ్చింది. "అది తొమ్మిది వందల మంది కాదండీ. ఇదుగో, ఈ ఒక్క పెద్దాయన. సరిగ్గా లెక్కేస్తే నూట ఒక్క మందిలో పది మంది."

"అంటే?" అన్నారు మంత్రిగారు.

"తొమ్మిది పాయింటు తొమ్మిది సార్" అన్నాడు ఆఫీసరు.

"మొదట ఎంత?"

"తొమ్మిది సార్."

"అంటే తప్పు లెక్కేసినా పెరుగుతోంది, ఒప్పు లెక్కేసినా పెరుగుతోంది. లోపం లెక్కలోనే ఉందన్నమాట." మంత్రిగారు బ్యానరు వంక చూసి అడిగారు. "రాష్ట్రం మొత్తం మీద జనాభా ఎంతయ్యా?"

"నాలుగు కోట్లు సార్."

"ఆ నాలుగు కోట్లతో భాగించు."

ఆఫీసరు భాగించాడు. నమ్మకం కుదరక మళ్ళీ భాగించాడు. "సున్నా పాయింటు సున్నా సున్నా రెండు శాతం సార్."

"తొమ్మిది వందల తొమ్మిదీ వేశావా?"

"మొత్తం వేశాను సార్."

"చూశావా! నేను ఒకటి లోపే అన్నాను. నేనే ఎక్కువ చెప్పాను."

డాక్టరమ్మ ఆయనకి అడ్డం వచ్చింది. "మిగతా వాళ్ళకి మీరు పరీక్షే చెయ్యలేదు కదండీ! వాళ్ళకి లేదని ఎలా చెప్తారు?"

"ఉందని నువ్వెలా చెప్తావమ్మా?" అన్నారు మంత్రిగారు, ఎంతో మర్యాదగా.

ఇంత చిన్న ఉపాయం ముందే తోచి ఉంటే నా సిరంజిడు నెత్తురు మిగిలేది. కానీ పెద్దల బుర్ర కదలడానికి ఎవరో ఒకరి నెత్తురు కారాలి.

ఇక్కడ నేను మొదట్లో చెప్పిన మాట ఒకటి సరిచేసుకోవాలి. నా ఒంట్లోకి ఏ డాక్టరూ సూది దించలేదన్నాను. అది నిజమే. దించినవాడు కంపౌండరు. నాకు ఇరవయ్యేళ్ళప్పుడు ఊళ్ళోకి ఒక బలం సూదుల కంపౌండరు వచ్చాడు. ఒక్క సిరంజి, ఒక్క సూది, ఒక గిన్నెడు వేణ్ణీళ్ళు. ఆ ఒక్క సూదితో ఊరందరినీ దండ గుచ్చినట్టు గుచ్చాడు. వేణ్ణీళ్ళు మధ్యలోనే చల్లారిపోయాయి. సూది వేయించుకుంటే ఒక గళ్ళ తువ్వాలు ఇచ్చేవాడు. నేను నాలుగు తువ్వాళ్ళు తెచ్చుకున్నాను. డాక్టరమ్మ ఆ కథ విని, "యాభై నాలుగేళ్ళ నుంచీ మోస్తున్నారు పెద్దాయనా" అంది. జలుబు నా గుమ్మంలోంచి వెనక్కి పోయిందంటే, లోపల అద్దెకి అప్పటికే ఒకరున్నారు మరి.

నాకు మాత్రం వైద్యం ఇట్టే దొరికింది. పెద్దాసుపత్రిలో మాత్రలిచ్చేవాడు రుజువడిగాడు. నా దగ్గర తొమ్మిది వందల రుజువులున్నాయి. సంచీలో వేసుకెళ్ళి బల్ల మీద కుమ్మరించాను. ఇంత రుజువున్న రోగిని ఆ ఆసుపత్రి పుట్టాక చూడలేదట. మూడు నెలలు మాత్రలు మింగాను. వైరస్ పోయింది. కోతలు పోలేదు.

వారం తిరిగేసరికి ప్రభుత్వం వారు, పారదర్శకత కోసమని, పాజిటివ్ స్లిప్పుల జాబితా పేపర్లో వేయించారు. తొమ్మిది వందల తొమ్మిది మంది. పేర్లు లేవు. వయసు, పని, బాధ. డాక్టరమ్మ నోటుపుస్తకం ఒక పక్క, పేపరు ఒక పక్క పెట్టుకుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"బస్సు డ్రైవరు, నలభై ఎనిమిది, నడుం నొప్పి. ఈయన నా పేషెంటు. ఈయనేనా?"

"నేనూ ఒకణ్ణి రాశానమ్మా."

"ఒక్కణ్ణేనా?"

"ఆ రూట్లో బస్సు గంటకోటి వస్తుంది."

ఆవిడ పెన్ను బల్ల మీద పడేసింది. ఈత మాస్టార్నీ, జడ్జీనీ నేను గుర్తుపట్టి కొట్టేయించగలిగాను. గొప్ప అబద్ధాలన్నీ గుర్తున్నాయి. కిటికీలోంచి చూసి రాసినవి మాత్రం, నిజం లాగా ఉన్నవి, ఒక్కటీ గుర్తులేదు.

అప్పుడే మా అన్న కూతురు కొట్టు మధ్యలో వదిలేసి, మెడలో టేపు అలాగే వేలాడుతుండగా లోపలికొచ్చింది. చేతిలో అదే పేపరు.

"బాబాయ్, టైలరు, నలభై రెండు, మెడ నొప్పి. ఇందులో నలుగురున్నారు."

"ఉన్నారమ్మా."

"అందులో నువ్వు రాసినవెన్ని?"

"మూడు."

"ఖచ్చితంగా?"

"నాలుగేమో."

అది నా వంక చూసిన చూపు నేను రాయలేను. "బాబాయ్, మూడైతే నాకు జబ్బున్నట్టు. నాలుగైతే లేనట్టు. సరిగ్గా గుర్తుతెచ్చుకో. అయిదు నెలల నుంచీ మధ్యాహ్నానికే కాళ్ళు తేలిపోతున్నాయి. మిషను వల్లే అనుకుంటున్నాను."

డాక్టరమ్మ దాన్ని మళ్ళీ గుచ్చి చూద్దామంది. కిట్టు లేదు. తొమ్మిది వందల కిట్లూ నేనే తాగేశాను. ఆరోగ్య శాఖకి రాస్తే, "మీ ప్రాంతంలో వ్యాధి సున్నా పాయింటు సున్నా సున్నా రెండు శాతం కాబట్టి ఇకమీదట కిట్ల అవసరం లేదు" అని జవాబొచ్చింది. పెద్దాసుపత్రికి పంపితే, అక్కడి కౌంటరులో ఆయన మా అమ్మాయి కళ్ళలోకి టార్చి వేసి చూసి, "తెల్లగానే ఉన్నాయి కదమ్మా. పచ్చబడ్డాక రండి" అని పంపించాడు.

ఆ రోజు నాకు మెతుకు దిగలేదు. డెబ్భై నాలుగేళ్ళలో మొదటిసారి ఆకలి జబ్బు కూడా నయమైంది. కూర్చుని ఆలోచించాను. ఆలోచిస్తే మా పంతులు బెత్తం గుర్తొచ్చింది, లెక్క తేలింది. పరుగున క్లినిక్‌కి పోయాను.

"డాక్టరమ్మా, నేను పుట్టించిన వాళ్ళందరిదీ నా నెత్తురే కదా?"

"అవును."

"నా నెత్తురుకి జబ్బుంది. కాబట్టి నా వాళ్ళంతా పాజిటివ్ కట్టలోనే ఉన్నారు. నెగెటివ్ కట్టలో నా మనిషి ఒక్కడు కూడా లేడు. అందులో ఉన్న తొంభై ఒక్కమందీ అచ్చమైన మనుషులే. ఆ కట్ట దొరికితే, చూసి నీ నోటుపుస్తకంలో వాళ్ళని కొట్టేసుకుంటూ పో. వందలో మిగిలేది ఆ తొమ్మిది మందే."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "పెద్దాయనా, మీరు అయిదో తరగతితోనే చదువు ఎందుకు ఆపేశారండీ?"

ఇద్దరం ఆఫీసరు దగ్గరికి పోయాం. ఆయన గది మారింది, కుర్చీ పెద్దదైంది. శ్రేష్ఠమైన సర్వే చేసినందుకు పతకం ఇచ్చారు, గోడకి వేలాడుతోంది. "నెగెటివ్ కట్టా? అది ఇవ్వడానికి లేదండీ. వాళ్ళు ఆరోగ్యవంతులు. ఆరోగ్యవంతుల వివరాలు బయటపెట్టడం వాళ్ళ గోప్యతకి భంగం."

"ఇస్తానని మాటిచ్చారు కదండీ" అంది డాక్టరమ్మ.

"స్లిప్పులిస్తానన్నాను. పేపర్లో వేశాం కదా, తొమ్మిది వందల తొమ్మిది! నేను మాట తప్పను మేడమ్."

తలలు వేలాడేసుకుని బయటికొస్తుంటే, వరండా చివర రికార్డు రూమ్ గుమ్మంలో కూర్చున్న గుమాస్తా, యాభై దాటిన మనిషి, మమ్మల్ని చేత్తో పిలిచింది. "మీరు టైలరమ్మ బాబాయి కదూ? నా జాకెట్లు ఆవిడే కుడుతుంది" అని చుట్టూ చూసి, లోపలికి పోయి, దుమ్ము దులుపుతూ ఒక కట్ట తెచ్చి నా గొడుగులో పడేసింది. "పొద్దున్నే తెచ్చి మళ్ళీ ఇక్కడే పెట్టెయ్యండి. ఆరోగ్యవంతుల్ని ఎవరూ లెక్కెట్టరు."

క్లినిక్ బల్ల మీద కట్ట విప్పాం. నేను చదువుతుంటే డాక్టరమ్మ కొట్టేసుకుంటూ పోయింది. బస్సు డ్రైవరు పోయాడు. సైకిళ్ళాయన పోయాడు. తొంభై ఒకటి చదివాను. తొమ్మిది పేర్లు మిగిలాయి. ఆరోది మా అమ్మాయిది. తొమ్మిది మందినీ పిలిపించి డాక్టరమ్మ తలుపేసి విడివిడిగా చెప్పింది. నా తొమ్మిది వందల రుజువుల్లోంచి తలా ఒకటి ఇచ్చి పెద్దాసుపత్రికి పంపాం. తొమ్మిది మందికీ మాత్రలు దొరికాయి. మా అమ్మాయి మూడు నెలలు మింగింది. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి కూడా మిషను అలా పరుగెడుతుంటుంది.

ఈ కథ పేపరులో అచ్చవుతుంది కాబట్టి, ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పెయ్యాలి. మంత్రిగారి భాగహారం కల్పించింది కాదు. ఆఫీసరు పతకం కల్పించింది కాదు. నాలుగు తువ్వాళ్ళలో ఒకటి ఇప్పటికీ నా భుజం మీదే ఉంది.

ఆ గుమాస్తా లేదు. రికార్డు రూమ్‌కి తాళం ఉంది, తాళం మీద లక్క ముద్ర ఉంది, గుమ్మంలో ఖాళీ కుర్చీ ఉంది, కట్ట ఇంకా లోపలే ఉంది. ఆవిడ నేను పుట్టించిన తొమ్మిది వందల ఒకటో మనిషి.

మా అమ్మాయి రోజూ పొద్దున కొట్టు తెరిచి, మిషను మీద గుడ్డ తీసే ముందు, కొలతల అద్దం దగ్గరికి పోయి, కింది రెప్ప వేలితో లాగి కళ్ళు చూసుకుంటుంది. ఈ పొద్దుటికి తెల్లగానే ఉన్నాయి.